చేర్పించవలెను

కాచిగూడలో, రైలు పోతే కిటికీ అద్దాలు వణికే ప్రెస్సులో
పందొమ్మిదేళ్ళుగా చట్టాల ప్రూఫులు దిద్దుతున్నాను.
కొమ్ముకు దీర్ఘం ఇవ్వడం, జారిన సున్నాను లేపి కూర్చోబెట్టడం
నా పని. అర్థం నా పని కాదు.
ఈ జూన్‌లో మొదటిసారి
ఒక చట్టాన్ని నా కోసం చదువుకున్నాను.

ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ.
ఇందుజకు తొమ్మిది. దొరికిపోయింది.
పొరుగు బడిలో చేర్పించుట తల్లిదండ్రుల విధి.
మాకు బడి నిజంగానే పొరుగు. రాంనగర్‌లో
ఇద్దరికీ గోడ ఒకటే,
మా దానిమ్మ సగం వాళ్ళవైపే కాస్తుంది.

ఎర్రపెన్ను మూత తీయకుండా వెతికాను.
ఇల్లు అన్న మాట ఎక్కడా లేదు.
ఇంట్లో చదివించవచ్చని లేదు, కూడదనీ లేదు.
చేర్పించని తండ్రికి శిక్ష ఏమిటో ఆ సెక్షన్‌లో అదీ లేదు.
పంక్తి ఏదైనా జారిందేమోనని మూలప్రతి తెప్పించి
వేలు పెట్టి చదివాను.
జారలేదు. అక్కడ నిజంగానే ఖాళీ.

"ఆ ఖాళీలో పిల్ల కాలు పడితే?" అంది కల్పలత,
బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే వేళ్ళతో చపాతీలు లెక్కపెడుతూ.
నా దగ్గర జవాబు లేదు.

పిల్లకు నత్తి.
'క' దగ్గర ఆగిపోతుంది, రైల్వే గేటు ముందు ఆటోలా,
ఇంజను ఆపకుండా.
మూడో తరగతిలో పద్యం అప్పజెప్పమని నిలబెట్టి
టీచరమ్మ చేతిగడియారం చూసిందట.
ఆ రాత్రి నుంచి నీళ్ళు కావాలన్నా
కాగితం మీద రాసి చూపించింది.
నలభై మూడు చీటీలు. దాచాను.
ఒక్కదాంట్లోనూ దిద్దడానికి తప్పు లేదు.

మండల విద్యాధికారి ఆఫీసులో
సారు మీటింగులో ఉన్నారు, మూడు రోజులూ.
ఖైసర్ మేడమ్ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ చెప్పింది:
"పద్నాలుగు నిండినంక ఓపెన్ స్కూల్ల పది రాయించుండ్రి.
పుట్టిన సర్టిఫికెట్, టీసీ పైలంగ పెట్టుకోండ్రి.
గప్పటిదాంక ఎవరన్న అడిగితే..."
ఊదింది, తాగింది.
"నా పేరు చెప్పకుండ్రి."

ఫైలు కట్టాను. తేదీలు వేసిన నోటుబుక్కులు,
కూడికలు అమ్మవి, సంధులు నావి,
మూసీ నీళ్ళు ఎందుకు నల్లగా ఉన్నాయో తనే రాసిన రెండు పేజీలు.
అయినా పదకొండుంపావుకు ఇంటర్వెల్ బెల్ కొడితే
పిల్ల పోయి దానిమ్మ కింద నిలబడుతుంది,
గోడ అవతల కబడ్డీ అరుపులు వింటూ.
దీనికి ఏ సెక్షన్ లేదు.

శ్రావణంలో సర్వే కుర్రాడొచ్చాడు, చేతిలో ట్యాబ్.
బడి బయటి పిల్లల లెక్క.
చదువుతోంది, మానేసింది, ఎన్నడూ చేరలేదు:
మూడే గడులు. ఒకటి నొక్కితే గానీ ముందుకు జరగదట.
ఇందుజ గుమ్మంలోకి వచ్చి
"బ... బడి బయట అంటే ఎ... ఎంత దూరం?
క... క... క..."
కుర్రాడు ట్యాబ్ దించాడు. ఆగాడు.
"...కొలిచారా?"
గోడ వైపు చూసి నవ్వాడు, లేదనీ అన్నాడు.
ఏ గడి నొక్కాడో నేను చూడలేదు.
జీవితంలో నేను చూడకుండా వదిలేసిన అచ్చు అదొక్కటే.

మర్నాడు ప్రెస్సులో అదే చట్టం, కొత్త ముద్రణ.
డీటీపీ పిల్లవాడు నిద్రమత్తులో కొట్టినట్టున్నాడు:
తల్లిదండ్రులు పిల్లలకు నేర్పించవలెను.
ఒక్క అక్షరం.
పెన్ను మూత తీసి
ఒక రైలు పోయేదాకా, అద్దాలు సర్దుకునేదాకా కూర్చున్నాను.
తర్వాత 'నే' కొట్టేసి 'చే' రాశాను.
జీతం దానికే.

ఆ ప్రూఫు కాగితం మాత్రం చించలేదు.
మడిచి ఇంటికి తెచ్చాను,
ఇందుజ లెక్కల పుస్తకానికి
అట్ట లేదని వారం నుంచి రాస్తోంది.